యూఎస్ విమెన్స్ ఓపెన్‌ను అర్థం చేసుకుంటూ చూడటం ఎలా? మొదటి టీ షాట్ నుంచి స్కోర్‌కార్డు మీద సంతకం దాకా

గోల్ఫ్ కొత్తగా చూసేవాళ్లకు మొదట్లో ఏమీ పాలుపోదు. 156 మంది ఒకేసారి ఆడుతుంటారు, కెమెరా ఒక హోల్ నుంచి ఇంకో హోల్‌కి గెంతుతుంటుంది, బోర్డు మీద ప్లస్సులూ మైనస్సులూ మారుతుంటాయి. ఎవరు ముందున్నారో తెలిసేలోగా ప్రకటనలు వచ్చేస్తాయి. నాలుగు రోజుల టోర్నీని ఏ క్రమంలో, దేన్ని గమనిస్తూ చూడాలో ఇక్కడ రాస్తున్నాను. మొదలుపెట్టే ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ టోర్నీలో అద్భుతమైన షాట్లు ఎక్కువ కొట్టినవాళ్లు కాదు, చెత్త హోల్స్ తక్కువ ఆడినవాళ్లు గెలుస్తారు. కింద చెప్పేదంతా దీన్ని పట్టుకునే నడుస్తుంది.

1. ఇది ఏ టోర్నీయో ముందు తెలుసుకోండి

మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో ఏడాదికి ఐదు మేజర్లు, అంటే అన్నిటికన్నా పెద్ద టోర్నీలు, ఉంటాయి: షెవ్రాన్ ఛాంపియన్‌షిప్, యూఎస్ విమెన్స్ ఓపెన్, విమెన్స్ పీజీఏ ఛాంపియన్‌షిప్, ఫ్రాన్స్‌లో జరిగే ఎవియాన్ ఛాంపియన్‌షిప్, బ్రిటన్‌లో జరిగే విమెన్స్ ఓపెన్. వీటిలో అన్నిటికన్నా పాతది యూఎస్ విమెన్స్ ఓపెనే. 1946లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో మొదలైంది. ఆ ఏడాది ఇద్దరిద్దరు తలపడే మ్యాచ్ ప్లే పద్ధతిలో ఆడారు. ఫైనల్లో బెట్టీ జేమ్సన్‌ను ఓడించి ప్యాటీ బెర్గ్ గెలిచింది. మరుసటి ఏడాది నుంచి మొత్తం స్ట్రోకులు, అంటే బంతిని కొట్టిన దెబ్బలు, లెక్కపెట్టే పద్ధతి వచ్చింది, ఇప్పటికీ అదే. 1953 నుంచి యూఎస్‌జీఏ, అంటే అమెరికా గోల్ఫ్ సంఘం, దీన్ని నిర్వహిస్తోంది.

డబ్బు సంగతి చెప్పకపోతే టోర్నీ స్థాయి తెలియదు. 1957లో విజేతకు ఇచ్చింది 1,800 డాలర్లు. 2022లో 18 లక్షల డాలర్లు. 2024లోనూ 2025లోనూ మొత్తం బహుమతి కోటీ 20 లక్షల డాలర్లు, అందులో విజేత వాటా 24 లక్షలు.

2. లీడర్‌బోర్డు చదవడం నేర్చుకోండి

టీ అనే చోట మొదటి షాట్ కొట్టి, గ్రీన్ అనే నున్నటి గడ్డి మీదున్న గుంటలో బంతి వేస్తే ఒక హోల్ పూర్తయినట్టు. ఒక రౌండ్ అంటే 18 హోల్స్, నాలుగు రౌండ్లకు 72. ప్రతి హోల్‌కీ పార్ అని ఒక అంకె ఉంటుంది. మంచి ప్లేయర్ ఆ హోల్‌ని ఎన్ని స్ట్రోకుల్లో ముగించాలో అది చెబుతుంది. మూడు, నాలుగు లేదా ఐదు. పార్ కంటే ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్. ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ. బోర్డు మీద పేరు పక్కన మైనస్ 4 అని ఉంటే ఆమె మొత్తం మీద పార్ కంటే నాలుగు స్ట్రోకులు తక్కువ ఆడిందని అర్థం. సరిగ్గా పార్ దగ్గరుంటే ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరం వేస్తారు. పేరు పక్కన ‘ఏ’ అని ఉంటే అమెచ్యూర్, అంటే గోల్ఫ్‌ను వృత్తిగా ఆడని ప్లేయర్. ఎంత బాగా ఆడినా ఆమెకు ప్రైజ్‌మనీ రాదు.

కొత్తవాళ్లు పట్టించుకోని కాలమ్ ఒకటుంది, ఆమె ఇప్పటికి ఎన్ని హోల్స్ ఆడిందో చూపించేది. నా లెక్కలో స్కోరు కంటే అదే ముఖ్యం. ఒకామె మైనస్ 3తో తొమ్మిది హోల్స్ ఆడింది, ఇంకొకామె మైనస్ 2తో రౌండ్ ముగించి లోపల కూర్చుంది అనుకోండి. చివరి తొమ్మిదిలో కష్టమైన హోల్స్ ఉంటే రెండో ఆమె పరిస్థితే మెరుగు. ఆమెకు ఇక పోయేదేమీ లేదు.

3. టోర్నీకి ముందే కోర్సును చూసిపెట్టుకోండి

ఓపిక లేకపోయినా ఈ అడుగు మాత్రం వదలొద్దు. యూఎస్ విమెన్స్ ఓపెన్ ప్రతి ఏడాదీ ఒకే చోట జరగదు. 2022లో నార్త్ కరోలినాలోని పైన్ నీడిల్స్, 2023లో కాలిఫోర్నియా తీరాన పెబుల్ బీచ్, 2024లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్, 2025లో విస్కాన్సిన్‌లోని ఎరిన్ హిల్స్. పెబుల్ బీచ్‌లో అంతకుముందు పురుషుల ఓపెన్ చాలాసార్లు జరిగింది, మహిళలకు మాత్రం 2023లోనే మొదటిసారి తలుపు తెరుచుకుంది. ఆ ఏడాది రికార్డు స్థాయిలో 2,107 మంది ఎంట్రీలు పంపారంటే ఆ వేదిక ఆకర్షణ ఎంతో ఊహించుకోవచ్చు. గెలిచింది అలిసన్ కార్పస్.

కోర్సు మారితే ఆట మారిపోతుంది. స్కోరు మంచిదా కాదా అన్నది కోర్సును బట్టే తేలుతుంది. పైన్ నీడిల్స్‌లో మిన్జీ లీ 13 అండర్ పార్‌తో, అంటే పార్ కంటే 13 తక్కువతో, మొత్తం 271 స్ట్రోకులతో గెలిచింది. టోర్నీ చరిత్రలో అంతకుముందు ఎవరూ అంత తక్కువలో ముగించలేదు. రెండేళ్ల తర్వాత లాంకాస్టర్‌లో యుకా సాసో 4 అండర్‌తో గెలిచింది, రెండో స్థానంలో నిలిచిన హినాకో షిబునో 1 అండర్. వాళ్లిద్దరు తప్ప నాలుగు రౌండ్లు ఆడినవాళ్లలో ఎవరూ పార్ కంటే కిందికి రాలేకపోయారు. పైన్ నీడిల్స్ కొలతతో లాంకాస్టర్ స్కోర్లు చూస్తే ‘ఇంత ఘోరంగా ఆడారేంటి’ అనిపిస్తుంది. నిజానికి ఆడింది గొప్పగానే.

కోర్సు గురించి చదివేటప్పుడు పొడవు కంటే మూడు విషయాలు వెతకండి. ఒకటి, ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారి) పక్కన రఫ్, అంటే పెరిగిన గడ్డి, ఎంత దట్టంగా ఉంది. బంతి అందులో పడితే దాని మీద అదుపు పోతుంది, గ్రీన్ మీద ఆగకుండా దొర్లిపోతుంది. రెండు, గ్రీన్ల ఆకారం. 2014లో వేదికైన పైన్‌హర్స్ట్ నంబర్ 2లో గ్రీన్లు బోర్లించిన సాసర్ల లాంటివి. మధ్యలో పడినట్టే కనిపించిన బంతి అంచు దాటి కిందికి జారిపోతుంది. ఆ ఏడాది అక్కడే వారం ముందు పురుషుల ఓపెన్ జరిగింది, వెంటనే మహిళలది. గెలిచిన మిషెల్ వీ 2 అండర్, రెండో స్థానంలో స్టేసీ లూయిస్ సరిగ్గా పార్. మైనస్‌లో ముగించింది వీ ఒక్కతే.

మూడోది, ఏ హోల్ దగ్గర కొంప మునుగుతుందో. ప్రతి కోర్సులో అలాంటిది ఒకటైనా ఉంటుంది. లాంకాస్టర్‌లో అది 12వ హోల్, గ్రీన్‌కి ముందు వాగు పారే పార్ 3. అంతకుముందు ఆడిన చివరి ఏడు టోర్నీల్లో ఆరు గెలిచి వచ్చిన నెల్లీ కోర్డా మొదటి రౌండ్లో అక్కడ పది స్ట్రోకులు తీసుకుంది. ఆమె బంతి మూడుసార్లు నీళ్ల పాలైంది. ఆ రోజు స్కోరు 80. మర్నాడు 70 కొట్టినా కట్ (రెండు రౌండ్ల తర్వాత వెనకబడినవాళ్లను పంపించేసే గీత) దాటలేకపోయింది. ప్రపంచ నంబర్ వన్ అయిన ఆమెకు టోర్నీ ఒక్క హోల్ దగ్గరే అయిపోయింది. అందుకే అలాంటి హోల్ నంబరు ముందే రాసి పెట్టుకోండి. లీడర్ అక్కడికి చేరేసరికి మీరు టీవీ ముందు ఉండాలి.

4. ఎవరు ఎలా వచ్చారో చూడండి

పేరులోనే ఓపెన్ అని ఉంది. యూఎస్‌జీఏ పెట్టిన హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని కొలిచే అంకె) పరిమితి లోపల ఉన్న ఏ మహిళైనా, ప్రొఫెషనల్ అయినా అమెచ్యూర్ అయినా, ఎంట్రీ పంపొచ్చు. గత పదేళ్ల విజేతలకు, ఇటీవలి మేజర్ విజేతలకు, ప్రపంచ ర్యాంకింగ్స్‌లో పైనున్నవాళ్లకు నేరుగా చోటు దొరుకుతుంది. మిగతావాళ్లు క్వాలిఫైయింగ్ ఆడాలి. ఒకే రోజు 36 హోల్స్. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా నడక. చాలా చోట్ల రెండు మూడు బెర్తుల కోసం పదుల మంది పోటీ పడతారు.

వయసు అడ్డం కాదు. 2014లో లూసీ లీ పదకొండేళ్లకే క్వాలిఫై అయింది. పైన్‌హర్స్ట్‌లో రెండు రౌండ్లూ 78 చొప్పున ఆడి కట్ దగ్గర ఆగిపోయింది. అమెచ్యూర్ గెలిచిన సందర్భం ఈ టోర్నీ చరిత్రలో ఒక్కటే. 1967లో ఫ్రాన్స్ అమ్మాయి కాథరిన్ లాకోస్ట్, టెన్నిస్ దిగ్గజం రెనే లాకోస్ట్ కూతురు.

మీ పని సులువు కావాలంటే నలుగురిని ఎంచుకోండి: ఒక మాజీ విజేత, ఆ సీజన్‌లో మంచి ఫామ్‌లో ఉన్న ఒకరు, క్వాలిఫైయింగ్ దాటి వచ్చిన ఒకరు, ఒక అమెచ్యూర్. 156 మందినీ ఫాలో అవ్వడం ఎవరి వల్లా కాదు.

5. గురు, శుక్రవారాలు: కట్ గీత మీద కన్నేయండి

మొదటి రెండు రోజులు ముగ్గురేసి కలిసి ఆడతారు. అంటే 52 గుంపులు. సగం పొద్దున, సగం మధ్యాహ్నం. కొందరు ఒకటో హోల్ నుంచి, కొందరు పదో హోల్ నుంచి మొదలుపెడతారు. పొద్దున ఆడినవాళ్లు మర్నాడు మధ్యాహ్నం ఆడతారు. ఇక్కడ అదృష్టం పాత్ర ఉంది. పొద్దున గాలి తక్కువ, గ్రీన్లు ఇంకా నున్నగా ఉంటాయి. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, గ్రీన్లు ఎండి గట్టిపడతాయి, అందరూ తొక్కిన గుర్తులు మిగులుతాయి. కాబట్టి గురువారం మధ్యాహ్నం పార్ దగ్గర ముగించినామెని చిన్నచూపు చూడొద్దు. పొద్దున 2 అండర్ కొట్టినామెతో సమానంగా ఆడి ఉండొచ్చు.

36 హోల్స్ తర్వాత మొదటి 60 స్థానాల్లో ఉన్నవాళ్లు, 60వ స్థానంలో సమానంగా నిలిచినవాళ్లందరూ మిగులుతారు. మిగతావాళ్లు ఇంటికి. శుక్రవారం సాయంత్రం నన్నడిగితే లీడర్‌ని వదిలేసి ఈ గీత దగ్గర ఊగిసలాడేవాళ్లనే చూడమంటాను. నాలుగు అడుగుల పట్ (గ్రీన్ మీద బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ) ఒకటి జారితే వారం పోయినట్టే అన్నప్పుడు చేతులెలా వణుకుతాయో అక్కడ కనిపిస్తుంది.

నేరుగా కోర్సుకి వెళ్లే వీలుంటే రోజంతా ఒకే గుంపు వెంట నడవకండి. ఒక గ్రీన్, పక్కనే ఇంకో హోల్ టీ కనిపించే చోటు చూసుకుని రెండు గంటలు కూర్చోండి. అందరూ అదే గ్రీన్ మీద అదే వాలుతో కుస్తీ పడుతుంటే తేడాలు ఇట్టే తెలుస్తాయి. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం, పట్ కొట్టేటప్పుడు కదలకపోవడం చెప్పక్కర్లేదు.

6. శనివారం

మూడో రౌండ్ నుంచి మామూలుగా ఇద్దరేసి ఆడతారు, లీడర్లు చివర్లో. వెనకబడినవాళ్లు పొద్దున్నే తక్కువ ఒత్తిడిలో మంచి స్కోరు కొట్టి పైకి ఎగబాకే రోజు ఇది. సాయంత్రానికి లీడర్ వెనక నాలుగైదు స్ట్రోకుల లోపల ఎవరున్నారో ఒక జాబితా రాసుకోండి, చాలు. ఆ ఐదు స్ట్రోకుల సంగతి ఊరికే చెప్పలేదు. 2020లో ఎ లిమ్ కిమ్ సరిగ్గా ఐదు వెనకబడి చివరి రౌండ్ మొదలుపెట్టింది. ఆ ఏడాది కరోనా వల్ల టోర్నీ డిసెంబరులో హ్యూస్టన్‌లో జరిగింది, చివరి రౌండ్ వాన వల్ల సోమవారానికి వాయిదా పడింది. ఆమె చివరి మూడు హోల్స్‌లోనూ బర్డీ కొట్టి గెలిచింది. యూఎస్ విమెన్స్ ఓపెన్ ఆడటం ఆమెకు అదే మొదటిసారి.

7. ఆదివారం: చివరి తొమ్మిది హోల్స్

ఏడు స్ట్రోకుల ఆధిక్యం ఉన్నా నమ్మొద్దు. 2018లో అలబామాలోని షోల్ క్రీక్‌లో అరియా జుటానుగార్న్‌కి చివరి తొమ్మిది హోల్స్ ముందు సరిగ్గా ఏడు స్ట్రోకుల ఆధిక్యం ఉంది. పదో హోల్‌లో ట్రిపుల్ బోగీ. చివరి రెండు హోల్స్‌లోనూ బోగీలు. ఆధిక్యమంతా కరిగిపోయి కిమ్ హ్యో జూతో ప్లేఆఫ్, అంటే సమానంగా నిలిచినవాళ్లు ఆడే అదనపు హోల్స్, ఆడాల్సి వచ్చింది. నాలుగో ప్లేఆఫ్ హోల్ దగ్గర ఎలాగో గట్టెక్కింది.

2021లో శాన్‌ఫ్రాన్సిస్కో ఒలింపిక్ క్లబ్‌లో లెక్సీ థాంప్సన్‌కి ఆ అదృష్టం కూడా దక్కలేదు. చివరి రోజు ఐదు స్ట్రోకులు ముందుండి, ఆఖరి తొమ్మిది హోల్స్‌కి 41 తీసుకుంది. ఒక్క స్ట్రోకు తేడాతో ప్లేఆఫ్ కూడా చేజారింది. అదే రోజు యుకా సాసో 2వ, 3వ హోల్స్‌లో వరసగా డబుల్ బోగీలు చేసింది. అక్కడే చానల్ మార్చేసినవాళ్లు 16, 17 హోల్స్‌లో ఆమె బర్డీలు చూడలేదు. నాసా హతావోకాతో ప్లేఆఫ్ గెలిచి, ఇంకా ఇరవై నిండకుండానే కప్పు అందుకుంది. మూడేళ్ల తర్వాత లాంకాస్టర్‌లోనూ ఆమెది అదే దారి. ఆరో హోల్‌లో నాలుగు పట్లు పెట్టి డబుల్ బోగీ, తర్వాత 12 నుంచి 16 మధ్య నాలుగు బర్డీలు. మొదటి కప్పు ఫిలిప్పీన్స్ జెండా కింద, రెండోది జపాన్ జెండా కింద.

కాబట్టి ఆదివారం గమనించాల్సింది తప్పు చేసిన తర్వాతి రెండు నిమిషాలు. బంతి ఇసుకలోనో గడ్డిలోనో చిక్కుకున్నప్పుడు ఆమె జెండా వైపు కొట్టాలని చూస్తోందా, పక్కకి తీసి బోగీతో సరిపెట్టుకోవాలని చూస్తోందా? క్యాడీతో (బ్యాగు మోస్తూ సలహాలిచ్చే సహాయకుడితో) ఎంతసేపు మాట్లాడుతోంది? 2014లో పైన్‌హర్స్ట్ 16వ హోల్‌లో మిషెల్ వీ బంతి గడ్డి దుబ్బు కింద ఇరుక్కుంది. ఆమె మొండిగా కొట్టే ప్రయత్నం చేయలేదు. ఒక పెనాల్టీ స్ట్రోకు ఒప్పుకుని బంతిని బయటికి తీసింది. డబుల్ బోగీతో బయటపడి, తర్వాతి హోల్‌లో పొడవైన పట్‌తో బర్డీ కొట్టింది. చాలామందికి ఆ బర్డీయే గుర్తుంటుంది. నాకైతే ఆమెను గెలిపించింది ఆ పెనాల్టీ నిర్ణయమే అనిపిస్తుంది.

8. రూల్స్ అన్నీ అక్కర్లేదు, ఒక్క ఉదాహరణ చాలు

బంకర్లో, అంటే ఇసుక గుంటలో, షాట్ కోసం క్లబ్బు (గోల్ఫ్ కర్ర) వెనక్కి తీసేటప్పుడు ఇసుకను తాకితే రెండు స్ట్రోకుల పెనాల్టీ. 2016లో కాలిఫోర్నియాలోని కోర్డెవాల్‌లో బ్రిటనీ లాంగ్, అన్నా నూర్డ్‌క్విస్ట్ మూడు హోల్స్ ప్లేఆఫ్ ఆడుతున్నారు. రెండో హోల్‌లో నూర్డ్‌క్విస్ట్ క్లబ్బు కొన్ని ఇసుక రేణువుల్ని కదిలించింది. కంటికి కనిపించనంత కొంచెం, జూమ్ చేసిన టీవీ దృశ్యంలో బయటపడింది. ఆ విషయం ఆమెకు చెప్పేసరికి చివరి హోల్‌లో మూడో షాట్ కొట్టేసింది. లాంగ్ మాత్రం ఇంకా కొట్టలేదు, తనకు ఆధిక్యం ఉందని తెలిసి క్లబ్బు మార్చుకుని జాగ్రత్తగా ఆడింది, గెలిచింది. రూలు రూలే, కాకపోతే చెప్పిన సమయమే అన్యాయం. మరుసటి ఏడాది, మామూలు కంటికి కనిపించని తప్పును వీడియో ఆధారంగా పట్టి శిక్షించడానికి వీల్లేకుండా రూలుకి పరిమితి పెట్టారు. రిఫరీ కార్టు లీడర్ దగ్గరికి వస్తుంటే లేచి వెళ్లకండి, ఏదో జరుగుతోంది.

9. సమానమైతే

ఇప్పుడు రెండు హోల్స్ ఆడించి, మొత్తం స్ట్రోకులు లెక్కపెడతారు. అప్పటికీ సమానమైతే ఒక్కో హోల్ చొప్పున సడన్ డెత్, ఏ హోల్ ముందు గెలిస్తే వాళ్లదే కప్పు. పూర్వం మర్నాడు మళ్లీ 18 హోల్స్ ఆడేవాళ్లు. 1998లో విస్కాన్సిన్‌లోని బ్లాక్‌వుల్ఫ్ రన్‌లో ఇరవయ్యేళ్ల సే రి పాక్, అమెచ్యూర్ జెన్నీ చువాసిరిపోర్న్ అలా సోమవారం ఆడారు. ఆఖరి హోల్‌లో పాక్ బంతి నీటి అంచున గడ్డిలో ఆగింది. ఆమె బూట్లు, సాక్సులు విప్పి నీళ్లలో దిగి కొట్టింది. ఇద్దరికీ 73. ఇంకో రెండు హోల్స్ ఆడాక పాక్ గెలిచింది. ఆ దృశ్యం కొరియాలో ఒక తరం అమ్మాయిల చేతికి గోల్ఫ్ క్లబ్బు ఇచ్చింది. వాళ్లలో ఒకరైన ఇన్బీ పార్క్ 2008లో పందొమ్మిదేళ్లకే ఈ టోర్నీ గెలిచింది, 2013లో మళ్లీ గెలిచింది.

10. చివరి పట్ పడగానే టీవీ ఆపొద్దు

స్కోర్‌కార్డు మీద సంతకం పడేదాకా ఎవరూ విజేత కాదు. తన కార్డు తోటి ప్లేయర్ రాస్తుంది, తను సరిచూసి సంతకం చేయాలి. ఏదైనా హోల్‌కి అసలు కంటే తక్కువ అంకెతో సంతకం చేస్తే డిస్‌క్వాలిఫై. ఎక్కువ రాసుకుంటే ఆ ఎక్కువే ఖాయం.

1957లో వింగ్డ్ ఫుట్ గోల్ఫ్ క్లబ్‌లో హవాయికి చెందిన జాకీ పంగ్ 298తో అందరికన్నా ముందు ముగించింది. నాలుగో హోల్‌లో ఆమె తీసుకున్నవి ఆరు, కార్డు మీద ఐదు అని ఉంది. మొత్తం మాత్రం సరిగ్గానే రాసి ఉంది. అయినా డిస్‌క్వాలిఫై చేశారు, 299 కొట్టిన బెట్సీ రాల్స్‌కి కప్పు దక్కింది. రాల్స్ మొత్తం నాలుగుసార్లు గెలిచింది, అన్నిసార్లు గెలిచిన మరొకరు మిక్కీ రైట్ మాత్రమే. ఆ క్లబ్ సభ్యులు అప్పటికప్పుడు చందాలు వేసుకుని మొదటి బహుమతి కంటే ఎక్కువ మొత్తం పంగ్ చేతిలో పెట్టారు.

సంతకాలయ్యాక హార్టన్ సెంపుల్ ట్రోఫీ, మిక్కీ రైట్ పేరుతో ఉన్న మెడల్ ఇస్తారు. వాటితోపాటు మరో పదేళ్లు క్వాలిఫైయింగ్ లేకుండా ఈ టోర్నీ ఆడే హక్కు వస్తుంది. 2025లో నెల్లీ కోర్డా, రియో టకెడాలను రెండు స్ట్రోకుల తేడాతో ఓడించిన స్వీడన్ అమ్మాయి మాయా స్టార్క్‌కి 2035 దాకా ఆ బెంగ లేదు.